ఆడ పిల్లా, ఈడ పిల్లా? ఐరోపా పాత సమాధులు చెబుతున్న కోడళ్ళ కథ

మన ఇళ్ళలో ఆడపిల్ల పుట్టినప్పుడు ఎవరో ఒక పెద్దావిడ అనే మాట ఒకటుంది. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లేగానీ ఈడ పిల్ల కాదమ్మా" అని. నవ్వుతూ అన్నా అందులో ఒక తీర్పు ఉంది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ అతిథేనని, మెట్టినింటికి చేరాకే ఆమె ఇంటిమనిషి అని. పెళ్ళయ్యాక విమానమెక్కి వచ్చిన మనలాంటి వాళ్ళకు ఆ 'ఆడ' పక్క ఊరు కాదు, ఏకంగా వేరే ఖండం.

"ఎప్పుడూ అమ్మాయే ఎందుకు వెళ్ళాలి?" అని మన పిల్లలు అడిగితే, "అనాదిగా వస్తున్నదే" అని తప్పించుకుంటాం. ఆ అనాది ఎంత దూరంలో ఉంది? రాతలు లేని కాలంలో, రాజులూ శాస్త్రాలూ లేనప్పుడు కూడా ఆడపిల్లే ఇల్లు వదిలి వెళ్ళేదా? ఐరోపాలో కొందరు పురావస్తు శాస్త్రజ్ఞులు కొన్నేళ్ళుగా సరిగ్గా ఈ ప్రశ్నే పట్టుకుని వేల ఏళ్ళనాటి సమాధుల్ని పరీక్షిస్తున్నారు. రాత లేదు కాబట్టి సాక్ష్యం చెప్పాల్సినవి ఎముకలూ, పళ్ళూ, జుట్టూ. అవి చెబుతున్న సంగతులు వింటే మన 'అనాది' అంత సూటిగా లేదని తెలుస్తుంది.

పంటిలో దాగిన ఊరు

ముందు ఈ విద్య ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన పళ్ళపైన ఉండే గట్టి తెల్లటి పొర, ఎనామిల్, చిన్నతనంలోనే తయారవుతుంది. ఎముక జీవితాంతం కొద్దికొద్దిగా కొత్తదవుతూ ఉంటుంది కానీ, ఈ పొర ఒకసారి కట్టుకున్నాక మారదు. అది తయారవుతున్న రోజుల్లో తాగిన నీళ్ళ, తిన్న తిండి గుర్తులు అందులోనే ఉండిపోతాయి.

ఆ గుర్తుల్లో ముఖ్యమైనది స్ట్రాన్షియం అనే మూలకం. రాళ్ళలో ఉన్న స్ట్రాన్షియం మట్టిలోకి, నీళ్ళలోకి, అక్కడినుంచి పైరులోకి, పశువుల పాలలోకి, చివరికి మన ఒంట్లోకి చేరుతుంది. దాని ఐసోటోపుల పాళ్ళు సున్నపురాయి నేలలో ఒకలా, పాత గ్రానైటు నేలలో మరోలా ఉంటాయి. అందుకని పంటిలోని పాళ్ళను సమాధి చుట్టుపక్కల నేలతో పోల్చి చూస్తే, ఆ మనిషి అక్కడే పెరిగిందా, ఎక్కడినుంచో వచ్చిందా అన్నది తెలుస్తుంది. మొదటి దవడపన్ను పసితనంలో తయారవుతుంది, జ్ఞానదంతం బడి వయసు దాటుతున్నప్పుడు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఏ వయసులో ఊరు మారిందో కూడా ఊహించవచ్చు.

దీనికి తోడు డీఎన్ఏ. వై క్రోమోజోమ్ తండ్రినుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది, అచ్చం మన ఇంటిపేరులా. మైటోకాండ్రియాలోని డీఎన్ఏ తల్లినుంచి పిల్లలకు వస్తుంది. ఆ పిల్లల్లో కూతుళ్ళు మాత్రమే దాన్ని ముందు తరానికి అందిస్తారు. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మవాళ్ళ అమ్మ, అలా వెనక్కి వెళ్ళే ఈ వరసకు మన వంశవృక్షాల్లో పేరే లేదు. ప్రయోగశాలలో మాత్రం రెండు వరసలకూ ఒకే విలువ.

ఏడు తరాల్లో కనబడని కూతుళ్ళు

ఫ్రాన్స్‌లో పారిస్‌కు ఆగ్నేయంగా యోన్ నది దగ్గర గుర్జీ అనే ఊరుంది. అక్కడ కొత్తరాతియుగపు రైతుల శ్మశానం ఒకటి దొరికింది. క్రీ.పూ. 4850 నుంచి 4500 మధ్య నాటిది. మైతే రివొలా, ఆమెతో పనిచేసిన బృందం అక్కడి 94 మంది డీఎన్ఏను చదివి, 2023లో ఫలితాలు ప్రకటించారు. అందులో 64 మంది ఒకే కుటుంబ వృక్షంలో, ఏడు తరాలుగా అమిరారు. రాత పుట్టని కాలంలో ఏడు తరాల వంశవృక్షం!

ఆ వృక్షాన్ని చూస్తే మన తాతలు గీసిన వంశవృక్షమే గుర్తొస్తుంది. తరం తర్వాత తరం తండ్రినుంచి కొడుక్కి వెళ్ళింది. పిల్లల్ని కన్న తల్లుల్లో చాలామంది బయటివాళ్ళు. వాళ్ళ తల్లిదండ్రులు ఆ శ్మశానంలో లేరు. ఇక ఆ ఇంట పుట్టిన ఆడపిల్లల్లో చిన్నతనంలో చనిపోయినవారు అక్కడున్నారు. పెద్దయిన కూతుళ్ళు మాత్రం దాదాపుగా లేరు. పెరిగి పెళ్ళీడుకొచ్చి ఎక్కడికో వెళ్ళిపోయారన్నమాట. ఆ వంశానికి మూలపురుషుడి ఎముకల్ని మరోచోటినుంచి తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు కూడా. ఊరు మారినా తాతను వెంట తెచ్చుకున్నారు. వెళ్ళిపోయిన కూతుళ్ళ జాడ మాత్రం అక్కడ లేదు.

ఇంకో విశేషం. ఆ వృక్షంలో సవతి బిడ్డలు దాదాపు కనబడరు. ఒక మగవాడికి ఇద్దరు భార్యలు, లేదా భర్త పోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళాడి పిల్లల్ని కనడం, ఇవి అక్కడ మామూలు విషయాలు కావని దీన్నిబట్టి అనుకోవచ్చు.

లెహ్ లోయ కోడళ్ళు

అక్కడినుంచి రెండు వేల ఏళ్ళకు పైగా ముందుకొచ్చి జర్మనీ వెళదాం. బవేరియాలోని ఆగ్స్‌బర్గ్ నగరానికి దక్షిణాన లెహ్ నది పారుతుంది. ఆ లోయలో క్రీ.పూ. 2500 నుంచి 1650 మధ్య చిన్న చిన్న వ్యవసాయ కుటుంబాలు బతికాయి. ఒక్కో ఇంటికీ దగ్గర్లో ఒక్కో చిన్న శ్మశానం. కొరీనా క్నిపర్, ఫిలిప్ స్టాక్‌హామర్ తదితరులు అక్కడి 84 మంది అవశేషాల్ని పరీక్షించి 2017లో వెలువరించిన పత్రం పెద్ద చర్చకు దారితీసింది.

మగవాళ్ళు, పిల్లలు ఎక్కువమంది ఆ లోయలోనే పుట్టి పెరిగినవాళ్ళు. పెద్దవయసు ఆడవాళ్ళలో ఎక్కువమంది బయటినుంచి వచ్చినవాళ్ళు. బహుశా బొహీమియా నుంచో, మధ్య జర్మనీ నుంచో. అంటే కొన్ని వందల కిలోమీటర్లు. గుర్రపు బండ్లూ రోడ్లూ లేని రోజుల్లో అది ఎన్ని రోజుల నడకో ఊహించుకోండి. ఈ పద్ధతి అక్కడ ఒక తరంతో పోలేదు, దాదాపు 800 ఏళ్ళు సాగింది. రాతియుగం పోయి కంచుయుగం వచ్చినా కోడళ్ళు రావడం ఆగలేదు.

ఈ వచ్చిన స్త్రీల సమాధులు ఊరివాళ్ళ సమాధులకంటే ఏమీ తక్కువగా లేవు. అదే తీరు, అదే మర్యాద. బయటిపిల్ల అని మూలన పెట్టలేదు.

2019లో అలిసా మిట్నిక్ ముందుండి చేసిన మరో పరిశోధన అదే లోయలో వందమందికి పైగా మనుషుల చుట్టరికాల్ని వెలికితీసింది. ఇక్కడ కథ మరింత చిక్కబడింది. ఒక్కో ఇంటి శ్మశానంలో మూడు రకాల మనుషులు కనిపించారు. ఒకరు, నాలుగైదు తరాలుగా ఆ ఇంటి రక్తసంబంధీకులు. వాళ్ళ సమాధుల్లో బాకులు, గొడ్డళ్ళు, విలువైన వస్తువులు ఉన్నాయి. రెండు, దూరంనుంచి వచ్చిన ధనిక స్త్రీలు. తలకు అలంకారాలు, కాళ్ళకు బరువైన కడియాలు ఉన్నవాళ్ళు. మూడు, ఏ వస్తువులూ లేని పేద స్థానికులు, ఆ ఇంటివాళ్ళతో రక్తసంబంధం లేనివాళ్ళు. పాలేళ్ళో దాసులో అయ్యుంటారని పరిశోధకుల ఊహ. ఒకే కప్పు కింద యజమానీ పనివాడూ ఉన్న ఇల్లు అంత పాతదన్నమాట.

మనసుకు తగిలే విషయం ఇంకొకటుంది. కడియాలు పెట్టుకుని దర్జాగా పడుకున్న ఆ పరాయి స్త్రీలకు ఆ శ్మశానంలో ఒక్క రక్తసంబంధీకులూ దొరకలేదు. ఎందుకన్నదానికి జవాబు ఎముకల్లో లేదు. ఆ ఇళ్ళ కూతుళ్ళ సంగతీ గుర్జీలాంటిదే, పెద్దయిన కూతుళ్ళు పుట్టింటి వృక్షంలో లేరు. ఇక్కడ కనబడకుండా పోయిన కూతుళ్ళే ఇంకెక్కడో మరో లోయలో 'బయటినుంచి వచ్చిన ఆవిడ'గా ఉండి ఉంటారు.

వాళ్ళు చేతులూపుకుంటూ రాలేదు. కొత్త వస్తువులు, కొత్త పద్ధతులు ఒక ప్రాంతంనుంచి మరో ప్రాంతానికి పాకినప్పుడు ఒకప్పుడు పండితులు 'ఒక జాతి తరలివచ్చింది' అనో, 'వర్తకులు తెచ్చారు' అనో రాసేవారు. ఆ రాకపోకల్లో కొంత భాగం ఇలా ఒంటరిగా మెట్టినింటికి నడిచిన ఆడవాళ్ళదే అయ్యుండవచ్చని 2017 పత్రం సూచించింది. సూట్‌కేసులో ఆవకాయ జాడీతోపాటు అమ్మ చేతి కొలతలు కూడా తెచ్చుకున్నవాళ్ళకు ఇది వేరే వివరించక్కర్లేదు.

ఎగ్ట్వెడ్ అమ్మాయి, తేలని తగవు

డెన్మార్క్‌లోని జట్లాండ్‌లో ఎగ్ట్వెడ్ అనే ఊరి దగ్గర 1921లో ఒక మట్టిదిబ్బ తవ్వుతుంటే ఓక్ దుంగను తొలిచి చేసిన శవపేటిక బయటపడింది. ఆ చెట్టు వలయాల్ని లెక్కపెట్టి, దాన్ని క్రీ.పూ. 1370లో నరికారని తేల్చారు. లోపల పదహారు, పద్దెనిమిదేళ్ళ మధ్య వయసు అమ్మాయి. ఆ పేటికలోని పులుపు తేమకు ఎముకలు కరిగిపోయాయి కానీ జుట్టు, పళ్ళు, గోళ్ళు, బట్టలు మిగిలాయి.

బట్టలు మిగలడమే అరుదు. ఆ అమ్మాయి ఒంటిమీద పొట్టి చేతుల ఉన్ని రవిక, నడుముకు ఉన్ని తాళ్ళు వేలాడే పొట్టి లంగా ఉన్నాయి. లంగా పొడవు 38 సెంటీమీటర్లు. నడుము పటకాకు చుట్టల నగిషీ ఉన్న గుండ్రటి కంచు బిళ్ళ. చేతులకు కంచు కడియాలు. కాళ్ళ దగ్గర బర్చ్ చెట్టు బెరడుతో చేసిన బుట్ట, అందులో తేనె, గోధుమ, అడవి పళ్ళతో చేసిన ఒక రకం మద్యం మిగులు. మోకాలి దగ్గర ఎవరో ఉంచిన ఒక పువ్వు. అది ఎండాకాలంలో పూసేది కాబట్టి, ఆమెను సాగనంపింది ఎండాకాలంలోనని తెలిసింది. పక్కనే చిన్న మూటలో ఐదారేళ్ళ బిడ్డ కాల్చిన ఎముకలు. వయసులు చూస్తే ఆమె ఆ బిడ్డకు తల్లి కాలేదు. మరి ఏమవుతుంది? తెలిసే దారి లేదు.

2015లో కారిన్ మార్గరీటా ఫ్రై బృందం ఈ అమ్మాయి పళ్ళలో, జుట్టులో స్ట్రాన్షియం కొలిచింది. ఆమె డెన్మార్క్ పిల్ల కాదని, బహుశా దక్షిణ జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ వైపు పెరిగిందని, చివరి రెండేళ్ళలో ఈ రెండు ప్రాంతాల మధ్య తిరిగిందని చెప్పింది. జుట్టు పొడవు 23 సెంటీమీటర్లు, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి అందులో దాదాపు రెండేళ్ళ డైరీ ఉన్నట్టే. దాదాపు 800 కిలోమీటర్లు దాటి మెట్టినింటికి వచ్చిన కంచుయుగపు పెళ్ళికూతురు! పత్రికలు ఆ కథను ఇష్టంగా రాసుకున్నాయి.

నాలుగేళ్ళ తర్వాత ఆర్హుస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ థామ్సెన్, రాస్మస్ ఆండ్రియాసెన్ అడ్డు తగిలారు. పశ్చిమ డెన్మార్క్ రైతులు ఈ కాలంలో పొలాల్లో సున్నం చల్లుతారు. ఆ సున్నంలోని స్ట్రాన్షియం వాగుల్లో కలిసి, 'ఈ ప్రాంతపు గుర్తు' అని మనం కొలిచేదాన్నే మార్చేస్తోంది అన్నారు వాళ్ళు. సున్నం పడని చోట్ల నీళ్ళు తీసుకుని చూస్తే, ఆ అమ్మాయి గుర్తులు ఎగ్ట్వెడ్ దగ్గరి నేలకే సరిపోతాయి, ఎక్కడినుంచో రావాల్సిన పనే లేదన్నారు. ఫ్రై బృందం ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి ఆడ పిల్లా, ఈడ పిల్లా అన్నది ఇంకా తగవులోనే ఉంది.

ఈ తగవు తెలుసుకోవడం మంచిదే. ఆడపిల్ల సమాధి దూరాన కనిపించగానే 'పెళ్ళయి వచ్చింది' అని తీర్మానించుకోవడం మనకెంత అలవాటో ఇది గుర్తు చేస్తుంది. స్పెయిన్‌లో సెవీల్ దగ్గర వలెన్సీనాలో ఇలాంటిదే మరో సంగతి జరిగింది. 2008లో అక్కడ ఏనుగు దంతంతో, స్ఫటికపు బాకుతో వైభవంగా ఉన్న ఒక సమాధి దొరికింది. సుమారు ఐదు వేల ఏళ్ళ కిందటిది. అంత సంపద, పైగా బాకు, ఇంకేముంది, మగవాడే అనుకున్నారు. 'దంతపు వర్తకుడు' అని పేరు కూడా పెట్టారు. మార్తా సింతాస్-పేన్యా బృందం 2023లో పంటి ఎనామిల్‌లోని మాంసకృత్తుల్ని పరీక్షిస్తే ఆ వర్తకుడు కాస్తా స్త్రీ అని తేలింది. ఆ కాలంలో ఆ ప్రాంతంలో అంత సంపన్నమైన సమాధి ఏ మగవాడికీ దొరకలేదు.

ఇల్లరికపు ఊరు

ఇంతవరకు చదివి 'అనాదిగా వస్తున్నదే' అన్నది నిజమేనని సరిపెట్టుకోబోతున్నారా? ఇంగ్లండులోని డార్సెట్‌కు రండి. రోమన్లు రావడానికి ముందు అక్కడ డ్యూరోట్రైజెస్ అనే తెగ ఉండేది. వింటర్‌బోర్న్ కింగ్‌స్టన్ దగ్గర వాళ్ళ శ్మశానాన్ని బోర్న్‌మత్ విశ్వవిద్యాలయం వాళ్ళు తవ్వారు. అక్కడ పూడ్చినవాళ్ళు క్రీ.పూ. 100 నుంచి క్రీ.శ. 100 మధ్య బతికినవాళ్ళు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీకి చెందిన లారా కాసిడీ బృందం అక్కడి యాభైకి పైగా జన్యుపటాలు చదివి 2025 జనవరిలో ప్రకటించింది.

ఆ శ్మశానంలో మూడింట రెండు వంతుల మందికి పైగా ఒకే తల్లి వరసకు చెందినవాళ్ళు. కొన్ని శతాబ్దాల కిందటి ఒక్క స్త్రీ కూతుళ్ళు, మనవరాళ్ళు, మునిమనవరాళ్ళు ఆ ఊళ్ళోనే ఉండిపోయారు. తండ్రి వరసలు మాత్రం రకరకాలు. అంటే ఊరు మారి వచ్చింది అల్లుళ్ళు. మన భాషలో చెప్పాలంటే ఊరంతా ఇల్లరికమే! బ్రిటన్‌లోని మరికొన్ని ఇనుపయుగపు శ్మశానాల్లోనూ తల్లి వరస గట్టిగా ఉన్న జాడలు ఈ బృందానికి కనిపించాయి.

డ్యూరోట్రైజెస్ సమాధుల్లో విలువైన వస్తువులు స్త్రీల దగ్గరే ఎక్కువగా దొరుకుతున్నాయని తవ్వకాల వాళ్ళు ముందే గమనించారు, కారణం మాత్రం తెలియలేదు. బ్రిటన్ ఆడవాళ్ళ గురించి రోమన్లు ఆశ్చర్యంగా రాసిన రాతలూ ఉన్నాయి. పదిపన్నెండు మంది మగవాళ్ళు భార్యల్ని ఉమ్మడిగా ఉంచుకుంటారని జూలియస్ సీజర్ రాశాడు. బొడికా, కార్టిమాండువా అనే రాణుల గురించి తర్వాతివాళ్ళు రాశారు. ఇవన్నీ పరాయివాళ్ళ అతిశయోక్తులని చాలామంది కొట్టిపారేసేవారు. సీజర్ చెప్పింది నిజమని ఇప్పుడూ ఎవరూ అనడం లేదు. కానీ అల్లుడు వచ్చి చేరే ఇళ్ళను చూసి, కోడలు వచ్చి చేరే ఇళ్ళలో పెరిగిన రోమన్లు తికమకపడి ఉంటారని అనుకోవడానికి ఇప్పుడు ఆధారం దొరికింది.

ఒక జాగ్రత్త. కూతుళ్ళు పుట్టింట్లో ఉండటం వేరు, పెత్తనం వాళ్ళదే కావడం వేరు. లిథువేనియాలో పుట్టి, 1944లో పసిబిడ్డతో యుద్ధంనుంచి పారిపోయి, తర్వాత అమెరికా చేరి లాస్ ఏంజెలెస్‌లో ప్రొఫెసరైన మరియా గింబుటాస్ అనే గొప్ప పురావస్తు శాస్త్రవేత్త ఉండేవారు. స్టెప్పీ మైదానాలనుంచి ఐరోపాకు పెద్ద వలస జరిగిందని ఆవిడ 1956లోనే చెప్పారు. ఆవిడ పోయిన రెండు దశాబ్దాలకు, 2015లో, డీఎన్ఏ అది నిజమని చూపించింది. అంతకుముందు 'పాత ఐరోపా' అంతా శాంతియుతంగా, స్త్రీ కేంద్రంగా, దేవతను కొలుస్తూ బతికిందన్న ఆవిడ రెండో వాదానికి మాత్రం అలాంటి ఆధారం దొరకలేదు. గుర్జీలాంటి చోట్ల కనిపిస్తున్నది తండ్రి వరసే. వెతుక్కోవాల్సింది స్వర్ణయుగాన్ని కాదు, ఎక్కడ ఏం జరిగిందన్న నిజాన్ని.

అయితే మనకేమిటి?

ఆ నిజం ఏమిటంటే, ఐరోపాలో ఆరువేల ఏళ్ళ కిందట కూడా చాలాచోట్ల కూతుళ్ళే ఇల్లు వదిలారు. ఇంకొన్నిచోట్ల అల్లుళ్ళు వదిలారు. రెండూ ఆయా జనం ఏర్పరచుకున్న పద్ధతులే తప్ప ప్రకృతి శాసనాలు కావు. ప్రకృతి శాసనమే అయితే లెహ్ లోయకూ డార్సెట్‌కూ ఒకటే అయ్యుండేది. కాబట్టి ఇక్కడ పుట్టి పెరిగిన మన అమ్మాయి "ఎప్పుడూ నేనే ఎందుకు వెళ్ళాలి?" అంటే "అనాదిగా ఉన్నదే" అన్న జవాబు సరిపోదు. కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు, నీ సంగతి నువ్వు ఆలోచించుకోవచ్చు అని చెప్పడమే నిజాయితీ.

ఇంకో మాట. పైన చెప్పుకున్న ఏడు పరిశోధనా పత్రాల్లో ఒక్కటి తప్ప అన్నిటికీ మొదటి పేరు స్త్రీలదే. కూతుళ్ళు ఎక్కడికి పోయారన్న ప్రశ్నకు ఇన్నేళ్ళకు జవాబు దొరకడంలో పరికరాలతోపాటు ఆ ప్రశ్న వేసినవాళ్ళ పాత్ర కూడా ఉంది.

ఐరోపాలో ఉన్నవాళ్ళూ, సెలవులకు అటు వెళ్ళేవాళ్ళూ కోపెన్‌హేగన్‌లోని జాతీయ మ్యూజియంలో ఎగ్ట్వెడ్ అమ్మాయి పేటికనూ లంగానూ చూడవచ్చు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఇనుపయుగపు బ్రిటన్ కంచు అద్దం ఒకటుంది, డెస్‌బరో అద్దం అంటారు. వెనకవైపు నగిషీ చూస్తే కాసేపు కదలబుద్ధి కాదు. పిల్లల్ని తీసుకెళితే డైనోసార్ల తర్వాత వాటికీ కాస్త సమయం ఇవ్వండి.

ఎక్కడికీ వెళ్ళకుండా చేయగలిగినది కూడా ఒకటుంది. ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు అమ్మనడిగి అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మవాళ్ళ అమ్మ పేర్లు, వాళ్ళు పుట్టిన ఊళ్ళు, మెట్టిన ఊళ్ళు రాసిపెట్టండి. చాలామందికి మూడో పేరు దగ్గరే ఆగిపోతుంది. నాన్నవైపు ఏడు తరాలు గడగడా చెప్పే ఇళ్ళలోనూ అంతే. గుర్జీ కూతుళ్ళకు రాత లేదు, అందుకే వాళ్ళ తల్లుల్ని, అత్తల్ని తవ్వి తీసి పళ్ళను పరీక్షించాల్సొచ్చింది. మనకు రాత ఉంది. అడిగితే చెప్పే అమ్మలూ ఇంకా ఉన్నారు.